అభిరుచులకు వరుస పెట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రంథాలయంలో నెలకో ఆదివారం పొద్దున్న కొందరం కూర్చుంటాం. వచ్చినవాళ్లు తమకు ఇష్టమైన పనులను చీటీకి ఒకటి చొప్పున రాసి, చాప మీద పరిచి, ఏది ముందో ఏది వెనుకో తేల్చుకుంటారు. కళాశాల విద్యార్థుల నుంచి పింఛను తీసుకునే పెద్దల దాకా అందరూ వస్తారు. అందరి సందేహాలూ దాదాపు ఒకటే. ఇన్నేళ్లుగా నోటితో చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ రాసిపెడుతున్నాను. ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లవచ్చు.

## చీటీ పట్టుకునే ముందు

ఇష్టమైన పనులకు ర్యాంకులు ఎందుకు? అన్నీ ఇష్టమే కదా?

అన్నీ ఇష్టమే, కానీ అన్నింటికీ చాలినంత రోజు లేదు. జాతీయ గణాంక కార్యాలయం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఆరేళ్లు దాటిన భారతీయులు సంస్కృతి, వినోదం, ప్రసార మాధ్యమాలు, ఆటలు అన్నింటికీ కలిపి రోజులో 11 శాతం సమయం వెచ్చిస్తున్నారు. అంటే రెండున్నర గంటల పైచిలుకు. టీవీ కూడా అందులోనే ఉంది. అది పోగా మిగిలే కాస్త సమయానికి తోట, వీణ, చదరంగం, పుస్తకం అన్నీ పోటీ పడతాయి. ఏది ముందో మనం తేల్చుకోకపోతే చేతికి దగ్గరగా ఉన్నదే గెలుస్తుంది, చేతికి అన్నింటికంటే దగ్గరగా ఉండేది ఫోను. వరుస పెట్టుకోవడం ఎవరికో చూపించడానికి కాదు. వచ్చే ఆదివారం పొద్దున్న దేనికి కూర్చోవాలో మనకు తెలియడానికి.

హాబీ, వ్యాపకం, కాలక్షేపం అన్నీ ఒకటేనా?

మాటల్లో కలిసిపోయాయి కానీ చీటీ రాసేటప్పుడు విడదీయడం మంచిది. కాలక్షేపం అంటే పొద్దు గడవడానికి చేసేది, బస్సు రాగానే వదిలేస్తాం. వ్యాపకం మనల్ని పనిలో ఉంచుతుంది, అది ఇష్టంతో చేసేది కావచ్చు, కాకపోవచ్చు. అభిరుచి అలా కాదు. పొద్దు చాలకపోయినా దానికోసం పొద్దు చేసుకుంటాం. నిన్నటికంటే ఇవాళ కాస్త బాగా రావాలని అనిపిస్తే అది అభిరుచే.

టీవీ చూడటం, రీల్స్ చూడటం అభిరుచి కిందికి వస్తాయా?

కెనడాకు చెందిన సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982లో తీరిక పనులను రెండుగా విడదీశారు. వెంటనే సుఖమిచ్చేవి, ప్రత్యేకమైన నేర్పు అక్కర్లేనివి ఒక రకం. నేర్చుకుంటూ, కష్టపడుతూ, ఏళ్ల తరబడి కొనసాగించేవి రెండో రకం. టీవీ ముందు వాలిపోవడం మొదటి రకం. కానీ ఒకాయన పాత తెలుగు సినిమాలు చూసి ఏ పాటను ఏ రాగంలో కట్టారో నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఆయనది రెండో రకం. కాబట్టి చూసేది ఏమిటన్నది కాదు, చూశాక మీ దగ్గర ఏం మిగిలిందన్నది అడగండి. ఏమీ మిగలకపోతే ఆ చీటీ వద్దు. విశ్రాంతి తప్పు కాదు, దానికి ర్యాంకు అక్కర్లేదు, అంతే.

నాకు అసలు హాబీలే లేవు. ఏం రాయాలి?

ఈ మాట అనేవారిలో ఎక్కువమంది నలభై, యాభై ఏళ్లవాళ్లు. నిజంగా లేకపోవడం చాలా అరుదు. మూడు విషయాలు గుర్తు చేసుకోండి. పన్నెండేళ్ల వయసులో అమ్మ పిలిచినా వినిపించనంతగా దేంట్లో మునిగిపోయేవారు? చుట్టాలు, స్నేహితులు మిమ్మల్ని ఏ పనికి పిలుస్తారు? దారిలో వెళ్తూ మీరు దేని దగ్గర ఆగిపోతారు, మొక్కల బండి దగ్గరా, పాత పుస్తకాల దుకాణం దగ్గరా, పాట వినిపించిన చోటా? వీటికి వచ్చిన జవాబులే మీ మొదటి చీట్లు.

ఇంటిపనితోనే సరిపోతోంది. ఇక అభిరుచులెక్కడివి?

ఈ ప్రశ్నను ఆడవాళ్లే అడుగుతారు. కారణం వాళ్ల బద్ధకం కాదు. 2024 సర్వేలోనే ఇంటిపని చేసేవారిలో మహిళలు దానికి రోజుకు దాదాపు 289 నిమిషాలు, పురుషులు దాదాపు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. తేడా మూడు గంటల పైమాటే. తీరిక లేని మనిషికి అభిరుచుల జాబితా ఇచ్చి ర్యాంకులు వేయమనడం అన్యాయం. అందుకే ఇలాంటివారికి నేను చెప్పేది ఒక్కటే: చీట్లు రాయకముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని, వారంలో ఏ రెండు గంటలు మీవో తేల్చండి. ఆ రెండు గంటల్లో వంటగది బాధ్యత ఎవరిదో పేరు పెట్టి అనుకోండి. అది కుదిరాక చీట్లు ఎప్పుడైనా రాసుకోవచ్చు.

## చీట్లు రాసేటప్పుడు

ఎన్ని రాయాలి?

ఆరు నుంచి ఎనిమిది. చీట్లను రెండేసి పక్కపక్కన పెట్టి పోలుస్తాం కాబట్టి ఆరు రాస్తే 15 పోలికలు, ఎనిమిది రాస్తే 28 పోలికలు అవుతాయి. పన్నెండు రాస్తే 66. అక్కడికి వచ్చేసరికి మనసు అలసిపోయి ఏదో ఒకటి అనేస్తుంది.

"పుస్తకాలు చదవడం, పాటలు వినడం" అని రాస్తే చాలదా?

పెళ్లి బయోడేటాకు చాలుతుంది. ఇక్కడ చాలదు. "పుస్తకాలు" అన్న చీటీ అంత వెడల్పుగా ఉంటే దేన్నైనా ఓడిస్తుంది, దానివల్ల మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఏ పుస్తకాలు? ప్రయాణ కథలా, చరిత్రా, పద్యాలా? చదవడమా, చదివినదాన్ని నలుగురికీ చెప్పడమా?

తపాలా బిళ్లల సేకరణనే తీసుకోండి. ఒకరికి స్వతంత్ర భారతం బిళ్లలే కావాలి. 1947 నవంబరు 21న జాతీయ జెండా బొమ్మతో, "జై హింద్" అన్న అక్షరాలతో వచ్చిన మూడున్నర అణాల బిళ్ల నుంచి వరుసగా పోగుచేస్తారు. ఇంకొకరికి రైళ్ల బొమ్మ ఉన్నవి మాత్రమే కావాలి, ఏ దేశానివైనా సరే. మూడో మనిషికి బిళ్ల కంటే దాని మీద పడిన ముద్ర ముఖ్యం, ఏ ఊరి తపాలా కార్యాలయం, ఏ తేదీ అని భూతద్దంతో చూస్తారు. ముగ్గురూ "స్టాంపులు" అనే రాస్తారు. మొదటి ఇద్దరిదీ వెతికి జత చేసే ఆనందం, మూడో మనిషిది పరిశోధన. చీటీలో ఆ తేడా కనపడాలి.

ముగ్గులు, వంట, కుట్టు ఇంటిపనే కదా, వాటిని హాబీ అంటారా?

తప్పక అంటారు. ఈ ప్రశ్నకు నాకు గుర్తొచ్చేది బ్యాంకులో పనిచేసే ఒక మహిళ. ఆమె ఏడు చీట్లు తెచ్చారు: సినిమా పాటలు, ప్రయాణాలు, నవలలు, ఇంకా కొన్ని. పోలికలు సగం అయ్యాయి. ఆమె మాట్లాడుతూనే తన సంచిలోంచి గళ్ల నోటు పుస్తకం తీసి, పెన్సిలుతో చుక్కలు పెట్టడం మొదలుపెట్టారు. పదిహేను చుక్కల నుంచి ఎనిమిది వచ్చేవరకు సందు చుక్క. నడుమ వరుసలో పదిహేను, దానికి పైనా కిందా పద్నాలుగు, ఆపైన పదమూడు, అలా తగ్గుతూ ఎనిమిది దాకా. మొత్తం 169 చుక్కలు. లెక్క పెట్టకుండానే పెట్టేశారు, ఒక్కటీ తప్పలేదు. తర్వాత గీత మొదలైంది. మెలిక తిరిగి మొదలైన చోటికే వచ్చి కలిసేదాకా ఆమె తల ఎత్తలేదు. ఆ పుస్తకంలో అప్పటికే అరవైకి పైగా పేజీలు నిండి ఉన్నాయి, ప్రతి పేజీకి తేదీ ఉంది. ఆఫీసుకు వెళ్లే బస్సులో వేస్తారట.

దీన్ని చీటీ మీద ఎందుకు రాయలేదంటే, "అది ఇంటిపని కదండీ" అన్నారు. ఎనిమిదో చీటీ రాయించాం. అది మిగిలిన ఏడింటినీ గెలిచింది.

వంటకూ కుట్టుకూ ఇదే కొలత. రోజూ పూట గడవడానికి వండేది ఇంటిపని. ఈసారి ఆవకాయలో ఆవపిండి పాళ్లు కొంచెం మార్చి చూద్దామని మనసు లాగితే అది అభిరుచి. రెండూ ఒకే పొయ్యి మీద జరగవచ్చు.

ఎప్పుడో మానేసినవి రాయవచ్చా?

రాయండి, కానీ మూలన ఒక చుక్క పెట్టండి. మానేసినవాటిని జ్ఞాపకం ఎక్కువ అందంగా చూపిస్తుంది. చుక్క పెట్టిన చీటీ మొదటి రెండు స్థానాల్లోకి వస్తే, నెలలోపు ఒక్కసారైనా ఆ పని చేసి, ఆ తర్వాత ర్యాంకు ఖాయం చేయండి.

ఇంకా మొదలుపెట్టని కోరికలను కూడా కలపాలా?

వద్దు. కోరికలకు వేరే వరుస పెట్టండి. చేసి చూడని పనిలో కష్టం కనపడదు, అందుకే అది ఎప్పుడూ గెలుస్తుంది. హామ్ రేడియో దీనికి మంచి ఉదాహరణ. ఎక్కడో ఉన్న మనిషితో సొంత యంత్రం మీద మాట్లాడటం అనగానే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. కానీ ముందు ఎలక్ట్రానిక్స్, నిబంధనల మీద పరీక్ష రాయాలి, కేంద్ర ప్రభుత్వ లైసెన్సు రావాలి, వీయూ అక్షరాలతో మొదలయ్యే కాల్‌సైన్ అనే గుర్తింపు పేరు చేతికి అందాలి. ఆ తర్వాతే నోరు విప్పేది. ఆ పరీక్షకు చదవాల్సిన పుస్తకం తెచ్చి పది పేజీలు చదివాక కూడా ఉత్సాహం తగ్గకపోతే, అప్పుడు దాన్ని అసలు వరుసలోకి తీసుకురండి.

## వరుస పెట్టేటప్పుడు

ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని వేసుకుంటే సరిపోదా?

వేసి చూడండి. అన్నింటికీ ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ఇష్టమైన పనికి తక్కువ మార్కులు వేయడానికి మనకు చేయి రాదు. అందుకే మేం రెండేసి చీట్లు పక్కపక్కన పెట్టి ఒకే ప్రశ్న అడుగుతాం: "రేపు పొద్దున్న రెండు గంటలు ఖాళీ దొరికితే, ఈ రెండింటిలో ఏది చేస్తారు?" గెలిచిన చీటీ వెనుక ఒక గీత. అన్ని జతలూ అయ్యాక గీతలు లెక్కపెడితే వరుస దానంతటదే వస్తుంది.

చదరంగం ఆడేవారికి ఇది కొత్త కాదు. ఆర్పాద్ ఎలో రూపొందించిన రేటింగు పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది. అందులో ఆటగాడి బలానికి ఎవరూ కూర్చుని మార్కులు వేయరు. ఎవరితో ఆడి గెలిచారు, ఎవరితో ఓడారు అన్నదాన్నిబట్టే అంకె పెరుగుతుంది, తగ్గుతుంది. మనిషికి రెండింటిని పోల్చడం సులువు, ఒక్కదానికి విలువ కట్టడం కష్టం.

రెండు చీట్లలో ఏది ఎక్కువో ఎంతకీ తేలడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్నను తిప్పి అడగండి: ఏడాదిపాటు ఒకదాన్ని ముట్టుకోకూడదంటే ఏది ఎక్కువ వెలితిగా ఉంటుంది? చాలామంది ఈ ప్రశ్నకు ఆలోచించకుండానే జవాబు చెబుతారు. అప్పుడూ తేలకపోతే రెండింటికీ చెరో సగం గీత ఇచ్చి ముందుకు వెళ్లండి. సమానంగా ఉండటంలో తప్పు లేదు.

తోట చదరంగాన్ని గెలిచింది, చదరంగం పాటను గెలిచింది, పాట మళ్లీ తోటను గెలిచింది. తప్పు ఎక్కడ జరిగింది?

తప్పు జరగలేదు, కొలత మారింది. తోటను చదరంగంతో పోల్చేటప్పుడు పొద్దున్న ఎండను తలుచుకుని ఉంటారు. పాటను తోటతో పోల్చేటప్పుడు రాత్రి అలసటను తలుచుకుని ఉంటారు. పొద్దున్నకు ఒక వరుస, రాత్రి భోజనం తర్వాతకు ఒక వరుస వేరువేరుగా వేయండి. ఇలా వేసినవాళ్లలో కొందరికి రెండు వేర్వేరు మొదటి స్థానాలు వచ్చాయి. అది సమస్య కాదు. ఒకరికి పొద్దున్న మిద్దె తోట, రాత్రి గళ్ల నుడికట్టు. ఒకదాని దారికి ఒకటి అడ్డు రావు.

ఖర్చును లెక్కలోకి తీసుకోవాలా?

ముందు ఇష్టంతో వరుస పెట్టండి, ఆ తర్వాతే ఖర్చు చూడండి. తలకిందులుగా చేస్తే చవకైనది గెలుస్తుంది. పైగా చాలా అభిరుచులు మనం అనుకున్నంత ఖరీదైనవి కావు.

నాణేల సేకరణకు మొదటి రోజు మీ జేబు చాలు. ఒక రూపాయి నాణెం తీసి, సంవత్సరం ముద్రించిన అంకె కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది. డైమండ్ గుర్తు ఉంటే ముంబయి, చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. మా దగ్గరికి వచ్చిన ఒక ఐదో తరగతి అబ్బాయి వాళ్ల నాన్న చిల్లరంతా నేల మీద పోసి నాలుగు కుప్పలు చేశాడు. గంటసేపు ఇంకేదీ పట్టించుకోలేదు. తర్వాత ఆసక్తి పెరిగితే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన కథ, "నయా పైసా" అన్న మాట 1964 వరకే ఉండటం, 2011లో పావలా చెల్లుబాటు ఆగిపోవడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా చేతిలోకి వస్తాయి. తపాలా బిళ్లలకైతే తపాలా శాఖ వారి ఫిలాటెలీ బ్యూరోలో 200 రూపాయలతో డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్తవి ఇంటికే వస్తాయి.

పక్షులను చూడటానికి దుర్భిణి ఉంటే మంచిది కానీ మొదటి రోజు తప్పనిసరి కాదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు మామూలు కంటికే కనిపించేంత దగ్గరగా చెట్ల మీద గూళ్లు కడతాయి. కొనాలనుకుంటే 8×42 అన్నది అడగండి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు కటకం వెడల్పు 42 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి తెల్లవారుజాము మసక వెలుతురులోనూ పనికొస్తుంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పక్షులను లెక్కపెడతారు, దాన్ని గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అంటారు. మీ మేడ మీద పదిహేను నిమిషాలు నిలబడి లెక్క పంపినా అది చెల్లుతుంది.

నిజంగా ఖర్చయ్యేది ఫోటోగ్రఫీ వంటి వాటికి. అక్కడ నా సలహా: ఆరు నెలలు చేతిలో ఉన్న ఫోనుతోనే తీయండి. అప్పటికీ మొదటి మూడు స్థానాల్లోనే ఉంటే కెమెరా కొనండి.

నాకు బాగా వచ్చినదాన్ని పైన పెట్టాలా, బాగా నచ్చినదాన్నా?

నచ్చినదాన్ని. చేయి తిరిగిన పని మెప్పు తెస్తుంది. ఆ మెప్పు మీద ఇష్టాన్ని పని మీద ఇష్టంగా పొరబడటం తేలిక. ఎవరూ చూడని గదిలో కూడా చేస్తారా అని అడిగి చూసుకోండి.

డాక్టరు చెప్పారని నడకను మొదటి స్థానంలో పెట్టాను. సరేనా?

నడవండి, మానకండి. కానీ మందుగా చేసే పనికి ఈ వరుసలో చోటు లేదు, మాత్రలకు ర్యాంకు వేయం కదా. డాక్టరు చెప్పకపోయినా నడిచేవారైతే, దారిలో చెట్లనూ మనుషులనూ చూడటానికే బయలుదేరేవారైతే, అప్పుడు చీటీ రాయండి.

## ఇంట్లో అందరూ కలిసి వేసేటప్పుడు

మా ఇద్దరి వరుసల్లో ఒక్కటీ కలవలేదు. ఇది మంచిదేనా?

లోకో భిన్నరుచిః. ఇద్దరికీ మొదటి స్థానం ఒకటే కావలసిన పని లేదు. ఎదుటివారి మొదటి చీటీ ఏమిటో తెలిసి ఉండటమే ముఖ్యం. ముప్పై ఏళ్ల సంసారం చేసిన దంపతులు ఒకరి మొదటి చీటీ చూసి ఒకరు ఆశ్చర్యపోవడం నేను చాలాసార్లు చూశాను. "నీకు హార్మోనియం అంటే అంత ఇష్టమని ఎప్పుడూ చెప్పలేదే" అని ఒకాయన భార్యతో అన్నప్పుడు ఆ గదిలో అందరూ నిశ్శబ్దమైపోయారు.

ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే వరుస ఎలా తేల్చాలి?

ఎక్కువమందికి మొదటిది ఏదైతే అదే అనుకోకండి, మిగిలినవారికి అది చివరిది కావచ్చు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు బోర్డా చెప్పిన లెక్క ఇంటికి బాగా పనికొస్తుంది. నాలుగు చీట్లు ఉంటే, ప్రతి మనిషీ పెట్టిన వరుసలో మొదటిదానికి 3, రెండోదానికి 2, మూడోదానికి 1, చివరిదానికి సున్నా వేసి అన్నీ కూడండి.

ఒక ఇంటి లెక్క చూడండి. నలుగురు మనుషులు, నాలుగు చీట్లు: సినిమా, తోట, క్రికెట్, చదరంగం. ఇద్దరికి సినిమా మొదటిది, మిగతా ఇద్దరికీ అది చివరిది. మొత్తం 6. క్రికెట్ ఒకరికి మొదటిది, చదరంగం ఇంకొకరికి మొదటిది, చెరో 5 వచ్చాయి. తోట ఎవరికీ మొదటిది కాదు కానీ నలుగురికీ రెండోది. దానికి 8. ఆ ఇంట్లో ఆదివారాలు తోటకు వెళ్లాయి, ఎవరూ అలగలేదు.

ఒక్కోసారి లెక్క తేలదు. తండ్రికి తోట, చదరంగం, సినిమా అన్న వరుస. తల్లికి చదరంగం, సినిమా, తోట. అమ్మాయికి సినిమా, తోట, చదరంగం. తోటా చదరంగమా అంటే ఇద్దరు తోట అంటారు, చదరంగమా సినిమానా అంటే ఇద్దరు చదరంగం అంటారు, సినిమానా తోటా అంటే ఇద్దరు సినిమా అంటారు. కూడినా అన్నింటికీ సమానమే. ఇలా జరుగుతుందని బోర్డా కాలపు మరో ఫ్రెంచి గణితజ్ఞుడు కాండోర్సే 1785లోనే చూపించాడు. ఇది మీ ఇంటి లోపం కాదు, లెక్కలోనే ఉంది. వంతులు వేసుకోండి, వారానికి ఒకటి.

మా పిల్లల హాబీలకు మేమే ర్యాంకులు వేయవచ్చా?

వేయకండి. ఈ మాట అనగానే కోనేరు హంపి పేరు వస్తుంది: తండ్రి నేర్పబట్టే కదా 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచింది అంటారు. ఆ తండ్రి శ్రమ గొప్పది, ఆ అమ్మాయి ఆట అంతకంటే గొప్పది. అయితే నేర్పడం వేరు, ర్యాంకు వేయడం వేరు. బల్ల మీద పావులు పెట్టడం మన పని. మళ్లీ రేపు ఆ బల్ల దగ్గరికి రావాలా వద్దా అన్నది పిల్లల మనసు. పదేళ్లు దాటిన పిల్లల చీట్లను వాళ్లనే రాయనివ్వండి, చివరిదాకా పక్కనుంచి ఏమీ అనకుండా కూర్చోండి. తల్లిదండ్రులకు అన్నింటికంటే కష్టమైన పని ఇదే.

మేం విదేశంలో ఉన్నాం. చలికాలం వస్తే మా వరుసంతా మారిపోతోంది. ఏది నిజమైనది?

రెండూ నిజమే. గోంగూరకు చలి పడదు. మంచు కురిసే చోట్ల పెరటి తోట చీటీ అయిదారు నెలలు నిద్రపోక తప్పదు. ఆ నెలల్లో పద్యం, కుట్టు, సంగీత సాధన పైకి వస్తాయి. ఎండాకాలానికి ఒకటి, చలికాలానికి ఒకటి పెట్టుకోండి.

## వరుస తేలాక

ఇష్టంలో మొదటిది వీణ, సమయంలో చివరిదీ వీణే. ఇప్పుడేం చేయాలి?

ఈ పనంతా చేసేది ఈ ఒక్క విషయం బయటపడటానికే. ఇష్టం వరుస పక్కన సమయం వరుస రాయండి. సమయం వరుసను ఊహతో రాయకూడదు, ఒక వారంపాటు రోజూ రాత్రి దేనికి ఎన్ని నిమిషాలు పోయాయో నోటు చేసి ఆ లెక్కతో రాయాలి. రెండు నిలువు వరుసలు పక్కపక్కన పెట్టాక చాలామంది కాసేపు మాట్లాడరు.

వెంటనే పెద్ద నిర్ణయాలు తీసుకోకండి. వస్తువు కనపడే చోట పెట్టండి. అటకెక్కిన వీణ కిందికి దిగాలి, పాడైన తీగలు మార్చించాలి, గలేబు తీసి హాల్లో ఉంచాలి. రంగుల పెట్టె బీరువాలో కాదు, భోజనాల బల్ల మీద ఉండాలి. తర్వాత వారంలో మూడు రోజులు, రోజుకు అరగంట, ఒకే వేళకు. ఎక్కువ పెట్టుకుంటే రెండో వారంలోనే ఆగిపోతుంది. ఆ అరగంటను ఏ పని నుంచి తీసుకుంటున్నారో కూడా రాయండి. ఎక్కడినుంచో వస్తుందిలే అనుకుంటే నిద్రలోంచి పోతుంది.

చివరి స్థానంలో వచ్చినదాన్ని మానేయాలా?

అవసరం లేదు. ఎనిమిదోదైనా అది మీ ఇష్టమైన ఎనిమిదింట్లో ఒకటే. కాకపోతే దానికోసం కొత్తగా డబ్బు పెట్టడం, తరగతుల్లో చేరడం ఆపవచ్చు.

మొదటి స్థానంలో ఉన్నదాన్ని సంపాదనగా మార్చుకోవచ్చా?

మార్చుకున్నవాళ్లు ఉన్నారు, బాగున్నవాళ్లూ ఉన్నారు. కానీ 1973లో అమెరికాలో చిన్నపిల్లల మీద జరిగిన ఒక ప్రయోగం గుర్తుంచుకోండి. బొమ్మలు వేయడం ఇష్టమైన పిల్లల్లో కొందరికి, వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇచ్చారు కూడా. కొన్ని రోజుల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేయడం మిగిలినవారికంటే తగ్గింది. ప్రతిఫలం లోపలికి వచ్చాక ఇష్టం కాస్త పక్కకు జరిగింది.

పెద్దల విషయంలో నేను చెప్పే జాగ్రత్త ఇది: మొదటిదాన్ని కాకుండా రెండోదాన్నో మూడోదాన్నో అమ్మకానికి పెట్టండి. కేకులు చేయడం రెండోది, పాట మొదటిది అయితే కేకులకు డబ్బు తీసుకోండి, పాటను మీకోసం ఉంచుకోండి. గడువు, గిరాకీ, బేరం లేని పని మనిషికి ఒక్కటైనా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

సేకరణ మొదటి స్థానంలో వచ్చింది, కానీ ఇల్లంతా నిండిపోతోంది. ఎలా?

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్నవాటిలో చాలా భాగం ఒకే మనిషి అభిరుచి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ నిజాం దగ్గర దివాన్ పదవి వదిలేశాక మిగిలిన జీవితమంతా పోగుచేయడానికే ఇచ్చారు. 1949లో ఆయన పోయాక, 1951లో ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే వాటిని ప్రజలకు చూపించడం మొదలైంది. మనకు దేవిడీ లేదు కాబట్టి హద్దు కావాలి. ఒక బీరువా అనుకోండి. అది నిండాక కొత్తది వస్తే పాతది ఒకటి ఎవరికైనా ఇవ్వాలి.

అంతకంటే ముఖ్యం, ప్రతి వస్తువుకూ చిన్న కాగితం కట్టండి: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరిచ్చారు. కాగితం లేని సేకరణను తర్వాతి తరం పాత సామాన్లవాడికి వేసేస్తుంది.

ఎన్నాళ్లకోసారి మళ్లీ వరుస పెట్టాలి?

ఏడాదికి ఒకసారి చాలు. నెలనెలా వేస్తే ఆ నెల ముచ్చటే పైకి వస్తుంది. మాలో చాలామంది సంక్రాంతి సెలవుల్లో వేస్తారు, ఇంటికి అందరూ వచ్చి ఉంటారు కాబట్టి. ఉద్యోగ విరమణ, బిడ్డ పుట్టడం, ఊరు మారడం వంటివి జరిగితే మాత్రం ఏడాది ఆగనక్కర్లేదు.

పాత చీట్లు పారేయవచ్చా?

పారేయకండి. వెనుక గీతలతో సహా దాచండి. ఒక పాత శుభలేఖ కవరు చాలు. దాని మీద సంవత్సరం, ఎవరి చీట్లో వారి పేరు రాయండి. పిల్లల చీట్లైతే వాళ్ల చేతిరాతతోనే ఉంచండి, అక్షరదోషాలు దిద్దకండి.